అరిగిన మోకాలు, జలగ వైద్యం: నల్లగొండ విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం

సభాధ్యక్షులకు, విశ్రాంత ఉద్యోగ మిత్రులకు, చుట్టుపక్కల పల్లెల నుంచి శ్రమపడి వచ్చిన అమ్మలకు, అయ్యలకు నమస్కారం.

మోకాలి నొప్పికి జలగ వైద్యం గురించి మాట్లాడమని సంఘం వారు అడిగినప్పుడు, దీనికి ఒక వైద్యుడిని పిలవడం మేలు కదా అన్నాను. వైద్యులు చెప్పవలసింది వాళ్లు ఎలాగూ చెబుతారు, జలగను ఏళ్ల తరబడి పాఠంగా చెప్పి, ఆ తరువాత సొంత మోకాళ్లకు పెట్టించుకున్న మనిషి ఏం చూసిందో మాకు కావాలి అన్నారు. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నదాన్ని. కాబట్టి చదివినది, చూసినది, నా ఒంటికి తెలిసినది మాత్రమే చెబుతాను. ముందుగా నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పేస్తాను. సరైన రోగికి, సరైన చోట, సరైన పద్ధతిలో పెడితే జలగ కొన్ని నెలల ఉపశమనం ఇస్తుంది. అరిగిపోయినదాన్ని తిరిగి తీసుకురాదు. ఆ కొన్ని నెలలను మనం దేనికి వాడుకున్నాం అన్నదాని మీదనే ఆ తరువాతి సంవత్సరాలు ఆధారపడి ఉంటాయి.

మన దగ్గర మోకాళ్లు అరగడానికి కారణాలు వెతకనక్కర లేదు. హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నడుము వంచి నాట్లు వేసిన వాళ్లు, చండూరు, మునుగోడు చెలకల్లో పత్తి ఏరిన వాళ్లు, పాలమూరు నుంచి వలస వెళ్లి తట్టలు మోసిన వాళ్లు, వీళ్లందరి మోకాళ్లూ యాభై దాటకముందే మొరాయిస్తున్నాయి. డాక్టరు ఎక్స్-రే చూసి "గుజ్జు అరిగింది" అంటాడు. ఆ గుజ్జు అనేది మృదులాస్థి, అంటే ఎముకల చివర్లను కప్పి ఉండే నునుపైన పొర. దానికి రక్తనాళాలు లేవు, నాడులు లేవు. రక్తనాళాలు లేవు కనుక అరిగితే తనంతట తాను మళ్లీ పెరగదు. నాడులు లేవు కనుక నొప్పి కూడా దాని నుంచి పుట్టదు. మరి నొప్పి ఎక్కడిది? ఆ పొర కింద ఉన్న ఎముక నుంచి, కీలు లోపలి పల్చని పొర వాచడం నుంచి, కీలును చుట్టి ఉన్న సంచి నుంచి, బిగుసుకుపోయిన కండరాలు, వాటి కొసల నుంచి. ఎక్స్-రేలో ఘోరంగా కనిపించే మోకాలితో కొందరు కొండ ఎక్కడం, కొద్దిగా అరిగిన మోకాలితో మరికొందరు మంచం దిగలేకపోవడం ఇందువల్లనే. ఈ విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే జలగ పని చేసేది గుజ్జు మీద కాదు, దాని చుట్టూ ఉన్న మెత్తని భాగాల మీద.

జలగ దాకా వెళ్లే ముందు మన జిల్లాకే ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. మోకాలు నొప్పి అంటే అరుగుదలే అని ఎక్కడైనా అనుకోవచ్చునేమో గానీ నల్లగొండలో అనుకోకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో పుట్టి పెరిగిన నా వయసు వాళ్లు చిన్నతనమంతా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్లే. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో నివేదించారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి మన ఊరి పేరే పెట్టింది. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు ఇళ్లకు వస్తున్నాయి, అది ఎంతో మేలు. కానీ ముప్పై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన మనిషి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నల్లా తిప్పగానే వెళ్లిపోదు.

ఫ్లోరోసిస్‌లో ఎముకలు దట్టమవుతాయి, ఎముకలను కట్టి ఉంచే బంధకాలు సున్నం పట్టి గట్టిపడతాయి, మెడ తిరగదు, వెన్ను వంగదు. అనుభవం ఉన్న వైద్యుడు ఇలాంటి అనుమానం వస్తే మోకాలితో పాటు ముంజేయి ఎక్స్-రే కూడా తీయిస్తాడు, ఎందుకంటే ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర ఎముకలాగా గట్టిపడటం ఆ జబ్బుకు బలమైన గుర్తు. అలా గట్టిపడిన బంధకాన్ని కరిగించే శక్తి జలగ లాలాజలంలో లేదు. అలాగే పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు గంటకు పైగా బిగుసుకుని ఉంటే అది రుమటాయిడ్ వాతం కావచ్చు, దానికి వేరే మందులు ఉన్నాయి, ఆలస్యం చేస్తే కీళ్లు వంకర పోతాయి. మోకాలు ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. జలగ పెట్టించుకోవాలనుకునే ప్రతి మనిషీ మొదట ఇది అరుగుదలేనని రూఢి చేసుకోవాలి. నేను కలిసిన వాళ్లలో ఈ మెట్టు దాటేసి నేరుగా జలగ దగ్గరికి వెళ్లిన వాళ్లే ఎక్కువ, అందుకే ఇంతసేపు చెప్పాను.

ఇక జలగ. మన తరగతుల్లో పాఠంగా ఉండేది హిరుడినేరియా గ్రాన్యులోసా, అంటే మన చెరువుల్లో, మడుగుల్లో బర్రెలను పట్టే జలగ. ఐరోపా వైద్యంలో వాడేది దాని దగ్గరి చుట్టం హిరుడో. శరీరంలో 33 ఖండితాలు, తల వైపు 5 జతల కళ్లు, ముందొకటి వెనకొకటి రెండు చూషకాలు, అంటే ఒంటికి అతుక్కుని పట్టుకునే భాగాలు. నోటిలో మూడు దవడలు ఉంటాయి, వాటి అంచున సన్నని పళ్లు. ఆ మూడూ కలిసి కోయడం వల్ల చర్మం మీద మూడు గీతలు ఒకచోట కలిసినట్టు గాటు పడుతుంది. తాగిన రక్తాన్ని 10 గదులున్న అన్నాశయంలో దాచుకుని నెలల పాటు నెమ్మదిగా అరిగించుకుంటుంది. రక్తం అన్ని నెలలు గడ్డకట్టకుండా ఉండాలి కదా, ఆ అవసరమే దాని లాలాజలాన్ని ఒక మందుల పెట్టెగా మార్చింది.

1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త జలగ నోటి సారం రక్తాన్ని గడ్డకట్టనీయదని చూపించాడు. ఆ పదార్థానికి తరువాత హిరుడిన్ అని పేరు వచ్చింది. అది 65 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను, రక్తం గడ్డకట్టించే త్రాంబిన్‌ను గట్టిగా పట్టేసుకుంటుంది. గుండె రక్తనాళాల చికిత్సలో ఈనాడు వాడే బైవాలిరుడిన్ అనే ఇంజెక్షన్ తయారీకి దారి చూపింది ఆ ప్రోటీనే. హిరుడిన్ ఒక్కటే కాదు. రక్త ఫలకికలు, అంటే ప్లేట్‌లెట్లు, గాయానికి అంటుకోకుండా ఆపే కాలిన్ ఉంది. వాపు ఉన్న చోట కణజాలాన్ని కొరికే ఎంజైములను అణచే ఎగ్లిన్, బ్డెల్లిన్ ఉన్నాయి. కణాల మధ్య ఉండే జిగురును పలుచన చేసి మిగతా పదార్థాలకు లోపలికి దారి ఇచ్చే హయలురోనిడేజ్ ఉంది. రక్తనాళాలను వెడల్పు చేసేవి కూడా ఉన్నాయి. మోకాలి చుట్టూ చర్మం కింద ఎక్కువ మాంసం ఉండదు కాబట్టి ఇవి కీలు సంచి చుట్టూ ఉన్న వాచిన భాగాలకు చేరి నొప్పిని తగ్గిస్తాయని పరిశోధకుల వివరణ. వివరణగా ఇది సబబుగానే తోస్తుంది.

జలగ వైద్యం మనకు కొత్త కాదని అందరికీ తెలుసు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 13వ అధ్యాయం మొత్తం జలగలదే. ధన్వంతరిని ధ్యానించే శ్లోకంలో శంఖ చక్రాల పక్కన, అమృత కలశం పక్కన ఆయన చేతిలో జలగ కూడా ఉంటుంది. యునానీలో దీన్ని ఇర్సాల్-ఎ-అలక్ అంటారు. సుశ్రుతుడు విషం గల జలగలు ఆరు, విషం లేనివి ఆరు అని విడదీసి, పసిపిల్లలకు, ముసలివాళ్లకు, భయస్తులకు, బలహీనులకు రక్తం తీయడానికి ఇంతకన్నా మృదువైన ఉపాయం లేదన్నాడు. కుళ్లిన మురికి నీటిలో పుట్టినవి విషమైనవి, తామరలు, కలువలు ఉండే తేట నీటిలో పుట్టినవి మంచివి అన్నాడు. ఆ పరిశీలనకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఇవాళ హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చే మూసీ కాలువల్లో జలగను పట్టి మోకాలికి పెట్టుకునే వాళ్లు ఆ ఒక్క వాక్యం వింటే చాలు.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. "అరిగిన మోకాలికి జలగ పెట్టమని సుశ్రుతుడు చెప్పాడు" అని ప్రచారం చేసే వాళ్లు ఆ గ్రంథాన్ని జాగ్రత్తగా చదవలేదు. దుష్టమైన రక్తాన్ని తీయడానికి వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరకాయ బుర్ర అని ఆయన పంచాడు. కీళ్లలోకి, ఎముకల్లోకి చేరిన వాతానికి ఆయన చికిత్సాస్థానంలో చెప్పింది తైలం, కాపడపు కట్టు, కాల్చి వాత పెట్టడం, బిగించి కట్టడం, మర్దన. రక్తం చెడిన వాతరక్తంలో మాత్రం చరకుడు కూడా జలగను చెప్పాడు. మోకాలి అరుగుదలకు జలగ అన్నది పాత గ్రంథంలో రెడీగా ఉన్న విధి కాదు, ఈ కాలపు వైద్యులు పరీక్షించి చూసిన విషయం. దీనివల్ల ఆయుర్వేదానికి చిన్నతనం ఏమీ రాదు. సాక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచి వచ్చిందని చెప్పడమే న్యాయం.

ఐరోపాలో ఒకప్పుడు దీన్ని అతిగా వాడారు. 1833లో ఒక్క ఫ్రాన్స్ దేశమే 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది, ప్రతి జబ్బుకూ పెట్టారు, మనుషులు రక్తహీనతతో నీరసించారు, చివరికి వైద్యమే పరువు పోగొట్టుకుంది. తిరిగి గౌరవం తెచ్చింది శస్త్రవైద్యులు. తెగిన వేలో, చెవో కుట్టినప్పుడు లోపలికి వచ్చిన రక్తం బయటికి పోలేక నల్లబడుతుంటే, జలగ దాన్ని లాగి ఆ భాగాన్ని బతికిస్తుంది. 1985లో బోస్టన్‌లో ఒక ఐదేళ్ల పిల్లవాడి చెవి అలా నిలిచింది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జలగను ఆ పనికి వైద్య పరికరంగా అనుమతించింది. గమనించండి, ఆ అనుమతి మోకాలి కోసం కాదు. దాన్ని చూపించి మోకాలి చికిత్సకు డబ్బు వసూలు చేసే వాళ్లను నమ్మకండి.

మోకాలికి సంబంధించి నాకు నమ్మకం కలిగించినది జర్మనీలో జరిగిన పని. ఎస్సెన్ నగరంలో ఆండ్రియాస్ మికల్సెన్, ఆయన సహచరులు చేసిన పరీక్ష 2003లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. మోకాళ్లు అరిగిన 51 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా చేశారు. 24 మందికి ఒక్కసారి మాత్రం నాలుగు నుంచి ఆరు జలగలు పెట్టారు. 27 మందికి 28 రోజుల పాటు డైక్లోఫెనాక్ పూత మందు ఇచ్చారు. ఏడో రోజున జలగల జట్టులో నొప్పి సూచిక సగటున 53.5 నుంచి 19.3కు దిగింది, పూత మందు జట్టులో 51.5 నుంచి 42.4కు మాత్రమే దిగింది. ఆ ఏడు రోజుల తరువాత నొప్పి విషయంలో రెండు జట్ల మధ్య తేడా గణాంకపరంగా నిలబడలేదు. కానీ బిగుసుకుపోవడం, నడవడం, మెట్లెక్కడం, లేవడం కూర్చోవడం, వీటిలో జలగల జట్టుకు కలిగిన మేలు 91వ రోజు వరకూ ఉంది. ఒక్కపూట చికిత్సకు మూడు నెలల ఫలితం అన్నమాట.

దీనిలో లోపం కూడా కనిపెట్టి చూడాలి. జలగ పెట్టించుకున్న వాడికి తనకు జలగ పెట్టారని తెలుస్తుంది, ఆ నమ్మకమే కొంత నొప్పిని తగ్గిస్తుంది. పూత మందు జట్టుకు ఆ అవకాశం లేదు. అందుకని 2008లో జర్మనీలోనే మరో బృందం 113 మందితో, కొందరికి ఒకసారి, కొందరికి రెండుసార్లు నిజం జలగలు, మిగతా వారికి జలగ కరిచినట్టు అనిపించే ఉత్తుత్తి చికిత్స చేసి పోల్చింది. నిజం జలగల వాళ్లకే ఎక్కువ మేలు కలిగింది. 2014లో నాలుగు పరీక్షలను, 237 మంది రోగులను కలిపి చూసిన సమీక్ష కూడా నొప్పి, బిగువు, కదలిక విషయంలో అనుకూలంగానే తేల్చింది, ప్రాణాపాయపు దుష్ఫలితాలు కనబడలేదని చెప్పింది. 237 మంది అంటే చిన్న సంఖ్య. అయినా మన మెడికల్ షాపుల్లో అడగకుండానే చేతిలో పెట్టే నొప్పి మాత్రలు కిడ్నీలను, కడుపును ఏం చేస్తున్నాయో నల్లగొండలో చూస్తున్న మనకు, ఈ దారిని ఆలోచించి చూడటం తప్పు కాదని నా అభిప్రాయం.

నా మోకాళ్లకు ఎక్స్-రేలో మూడో దశ అరుగుదల అన్నారు, కుడిది ఎక్కువ. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, మానేస్తే మెట్లు దిగలేను. హైదరాబాద్‌లోని ఒక ఆయుర్వేద ఆసుపత్రిలో ముందు రక్తపరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్, షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెపటైటిస్, హెచ్‌ఐవీ. అవన్నీ చూశాకే ఒప్పుకున్నారు. జలగలు పెట్టడానికి ముందు రెండు రోజులు మోకాలికి సబ్బు, నూనె, పూతమందు ఏదీ రాయవద్దన్నారు, వాసన ఉంటే జలగ పట్టదు. ఆ రోజు వట్టి నీళ్లతో కడిగి, నొక్కితే ఎక్కడెక్కడ నొప్పి ఉందో గుర్తులు పెట్టి, ఒక్కొక్క జలగను ఆ చోట వదిలారు. ఒకటి పట్టకపోతే సూదితో చిన్న గాటు పెట్టి రక్తపు చుక్క చూపించారు.

పట్టిన మొదటి నిమిషం చురుక్కుమంది, తేనెటీగ కుట్టినంత కాదు గానీ చీమ కంటే ఎక్కువ. తరువాత లాగుతున్నట్టు సన్నగా తెలుస్తుంది, అది భరించలేనిదేమీ కాదు. వాటి మీద తడి గుడ్డ కప్పి ఉంచుతారు. గంట గంటన్నరలో కడుపు నిండి తమంతట తామే రాలిపోయాయి. పక్క మంచం మీద దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది, నాట్లు వేసి వేసి మోకాళ్లు పోయిన మనిషి. "నాట్లప్పుడు ఉప్పేసి ఊడగొట్టినం బిడ్డా, ఇప్పుడు మంచిగైతే సాలని పట్టించుకుంటున్నం" అంది. ఆమెకు జలగంటే భయం లేదు. భయపడింది చదువుకున్న వాళ్లమే.

అసలు ఓపిక కావలసింది ఆ తరువాత. జలగ రాలిపోయినా గాట్ల నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. నాకు ఆ రాత్రంతా ఊరింది, కట్టు మీద కట్టు మార్చారు. ఒక్కో జలగ తాగేది 5 నుంచి 15 మిల్లీలీటర్లే, ఆ తరువాత ఊరేది దానికన్నా ఎక్కువ ఉండవచ్చు. చూసేవాళ్లకు కంగారు పుడుతుంది కనుక ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. 24 గంటలు దాటినా ఆగకపోతే, తల తిరిగినట్టుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వారం పది రోజులు విపరీతమైన దురద ఉంటుంది, గోకకూడదు. ఫలితం అంటారా, కుడి మోకాలు నాలుగో రోజు నుంచే తేలికైంది. కూర్చుని లేచినప్పుడు పట్టేసినట్టుండే బిగువు తగ్గింది, రాత్రి నిద్ర పట్టింది, మాత్ర అవసరం చాలా తగ్గింది. ఆ హాయి పంట కాలం ఒకటి పూర్తయ్యేదాకా నిలిచి మెల్లగా సన్నగిల్లింది. ఎడమ మోకాలికి మాత్రం అంత తేడా తెలియలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇప్పుడు ప్రమాదాల మాట. జలగ పేగుల్లో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది, తాగిన రక్తం కుళ్లకుండా చూసేది, అరగడానికి తోడ్పడేది అదే. జలగను గుంజినా, ఉప్పు, సున్నం, పొగాకు వేసి బలవంతాన విడిపించినా అది కడుపులోది గాటులోకి కక్కుతుంది, దానితో పాటు బ్యాక్టీరియా కూడా మన ఒంట్లోకి వస్తుంది. సుశ్రుతుడు ఉప్పు చల్లి విడిపించమన్నాడు కదా అనవచ్చు. ఆయన కాలానికి బ్యాక్టీరియా తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి దానంతట అది రాలేదాకా ఆగడమే మంచిది. తరువాతి రోజుల్లో గాటు చుట్టూ ఎర్రబడి, వాచి, చీము పట్టినా, జ్వరం వచ్చినా పసుపు అద్ది ఊరుకోకూడదు. ఆ బ్యాక్టీరియా అన్ని యాంటీబయాటిక్స్‌కూ లొంగదు, డాక్టరుకు జలగ పెట్టించుకున్న సంగతి తప్పక చెప్పాలి.

దీనికన్నా పెద్ద ప్రమాదం, నన్ను నిజంగా కలవరపెట్టేది, ఒకరి జలగను మరొకరికి పెట్టడం. తాగిన రక్తాన్ని కక్కించి, కొన్ని రోజులు ఆకలితో ఉంచి మళ్లీ వాడే అలవాటు పాత పద్ధతిలో ఉంది. ఆ జలగ నోట్లో, అన్నాశయంలో ముందు మనిషి రక్తం మిగిలే ఉంటుంది. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ ఉన్న కాలంలో అది చేయరాని పని. ఒక జలగ ఒక్క మనిషికే. మీరు పెట్టించుకునే చోట వైద్యుణ్ణి మొహమాటం లేకుండా అడగండి: ఈ జలగలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరికైనా ఇదివరకు పెట్టారా, నాకు పెట్టాక ఏం చేస్తారు? సమాధానం తడబడితే లేచి వచ్చేయండి. సంతలో సీసాలో జలగలు పెట్టుకుని కూర్చునే వాళ్ల దగ్గరికి, అన్నిటికీ సూది వేసినట్టే అన్నిటికీ జలగ పెట్టే వాళ్ల దగ్గరికి అసలు పోకండి. ఊరి చెరువులో పట్టుకుని ఇంట్లో పెట్టుకునే ఆలోచన అంతకన్నా చెడ్డది.

పెట్టించుకోకూడని వాళ్లు ఉన్నారు. గుండెకు స్టెంటు వేసి రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్న వాళ్లు, వార్ఫరిన్ వాడుతున్న వాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న వాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్న వాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, మోకాలి మార్పిడి చేయించుకున్న వాళ్లు. జలగ కోసమని స్టెంటు మాత్రలు మానేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, ఆ పని ఎవరూ చేయవద్దు. రక్తహీనత గురించి మరీ చెప్పాలి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువగా ఉన్న వాళ్లే. నాట్లు వేసి మోకాళ్లు పోగొట్టుకున్న అమ్మలే జలగ కోసం ఎక్కువగా వస్తారు, రక్తం తక్కువగా ఉండేదీ వాళ్లకే. హిమోగ్లోబిన్ పది కూడా లేని మనిషికి ముందు రక్తం పెంచాలి, మోకాలి సంగతి తరువాత చూడాలి.

ఇక నేను మొదట అన్న మాట దగ్గరికి వస్తాను. నొప్పి తగ్గిన ఆ రెండు మూడు నెలలు మనవాళ్లు ఏం చేస్తారు? నయమైందని మళ్లీ కలుపు తీయడానికి వంగుతారు, నేల మీద గొంతుక్కూర్చుంటారు, తట్ట నెత్తిన పెడతారు. ఆ నెలలు అయిపోతాయి, నొప్పి తిరిగి వస్తుంది, జలగ పని చేయలేదంటారు. మోకాలి కీలు మీద పడే బరువును మోసేది తొడ ముందు భాగపు కండరం. నొప్పి వల్ల నడక తగ్గితే ఆ కండరం సన్నబడుతుంది, అది సన్నబడితే బరువంతా అరిగిన ఎముకల మీదే పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి ఉన్నప్పుడు వ్యాయామం చేయమంటే ఎవరూ చేయలేరు. జలగ ఆ నొప్పిని కొంతకాలం పక్కకు జరుపుతుంది కాబట్టి కండరాన్ని పెంచుకునే అవకాశం అప్పుడే వస్తుంది.

వ్యాయామం అంటే పెద్దదేమీ కాదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, తొడ బిగించి, పది లెక్కపెట్టేదాకా ఉంచి నెమ్మదిగా దించాలి. పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని మంచానికి అదమాలి. రెండు కాళ్లకూ, పొద్దున సాయంత్రం, అలసట వచ్చేదాకా. కర్ర పట్టుకునే వాళ్లు నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, చాలామంది అదే వైపు పట్టుకుంటారు. లావుగా ఉన్న వాళ్లు ఒక్క కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్కగట్టారు. నేల మీద గొంతుక్కూర్చోవడం మానుకోవాలి, మరుగుదొడ్డి విషయంలో కూడా. జర్మనీ రోగులకు ఈ బాధ లేదు, మనకు ఉంది, అందుకే అక్కడి ఫలితం ఇక్కడ అంతకాలం నిలవాలంటే మనం ఈ అలవాటు మార్చుకోక తప్పదు.

ప్రశ్నలు ఉన్నాయంటున్నారు, చెప్పండి.

నకిరేకల్ నుంచి వచ్చిన అమ్మ షుగర్ ఉంటే పెట్టించుకోవచ్చా అని అడిగారు. అదుపులో ఉంటే, పాదాల్లో రక్తప్రసరణ బాగుంటే వైద్యుడు ఒప్పుకోవచ్చు. అదుపులో లేకపోతే గాటు మానదు, చీము పట్టే ముప్పు ఎక్కువ. ముందు మూడు నెలల షుగర్ సగటు పరీక్ష చేయించుకుని ఆ కాగితం తీసుకుని వెళ్లండి.

వెనక కూర్చున్న అయ్య ఆపరేషన్ తప్పించుకోవచ్చా అని అడుగుతున్నారు. అయ్యా, కాలు వంకర తిరిగి, ఎముకకు ఎముక ఆనుకుని, నాలుగు అడుగులు వేయలేని స్థితి వస్తే జలగ దాన్ని సరిచేయదు. అప్పుడు ఎముకల వైద్యుడు చెప్పిన మార్పిడి ఆపరేషనే దారి. అంతకు ముందు దశల్లో, మొదటి దశ నుంచి మూడో దశ దాకా ఉన్న వాళ్లు ఆపరేషన్‌ను కొన్నేళ్లు వెనక్కి జరుపుకోవడానికి ఇదొక సాధనం కావచ్చు, వ్యాయామం దానికి తోడైతే.

మళ్లీ ఎన్నాళ్లకు పెట్టించుకోవాలని ఆఖరి ప్రశ్న. క్యాలెండరు చూసి పెట్టించుకోవద్దు. నొప్పి తిరిగి వచ్చి, రోజువారీ పనికి అడ్డం పడితే, హిమోగ్లోబిన్ మళ్లీ పరీక్ష చేయించుకుని, అది సరిగ్గా ఉంటేనే వైద్యుణ్ణి అడగండి. పోయినసారి పెట్టినప్పుడు దద్దుర్లు గానీ, ఒళ్లంతా దురద గానీ, ఊపిరి అందకపోవడం గానీ వచ్చి ఉంటే ఆ మాట వైద్యుడికి చెప్పి, ఈ చికిత్స ఇక వదిలేయండి.